ఆ థ్రెడ్డు పోయింది మా చేతిలోనే

మా షెడ్డుకు బండ్లు ఇచ్చే అందరికీ నమస్కారం.

పోయిన నెల రెండు రోజుల్లో ఇస్తామన్న కార్లు కొన్ని వారం దాకా ఇవ్వలేకపోయాం. ఫోన్ చేసినవాళ్లకు మా కుర్రాళ్లు "పార్టులు రాలేదండీ" అని చెప్పారు. అది నిజం కాదు. అలా చెప్పమన్నది నేనే. అందుకు ముందుగా క్షమించమని అడుగుతున్నాను.

గుంటూరు నుంచి ఒక పెద్దాయన తన 1996 మోడల్ మారుతి 800 తెచ్చారు. మ్యానిఫోల్డ్ (ఇంజన్‌కు గాలి చేర్చే గొట్టాలు) అతుకులో ఉండే గ్యాస్కెట్ మార్చాలి, పూట పని. చివరి బోల్టు నేనే బిగిస్తున్నాను, 12 నంబర్ రింగు స్పానరుతో. బిగుస్తూ బిగుస్తూ ఉన్నట్టుండి బరువు పోయి ఊరికే తిరిగింది. నా గుండె జారిపోయింది. బోల్టు బయటికి తీస్తే దాని మరల మధ్య అల్యూమినియం సన్న తీగలా చుట్టుకుని మెరుస్తోంది.

ఈ ఇంజన్లకు హెడ్, అంటే బోల్టు దిగే ఇంజన్ పైభాగం, అల్యూమినియం; బోల్టు స్టీలు. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారుతూ ఉంటే అరిగేది మెత్తటిదే. పాత బండి కాబట్టి రంధ్రం లోపలి థ్రెడ్డు, అంటే మర, ముందే నలిగి ఉండొచ్చు. అయినా 8 ఎం.ఎం. బోల్టుకు అల్యూమినియంలో 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగింపు చాలు. బిగింపు ఎంతో చూపే టార్క్ రెంచ్ గోడకు వేలాడుతూనే ఉంది. నేను చేతి అలవాటును నమ్మాను.

టేపు చుట్టి, గమ్ము పూసి పంపేయొచ్చు. ఆటోనగర్ నుంచి బయల్దేరి వారధి ఎక్కేలోపే సందుల్లోంచి గాలి లాగడం మొదలై ఐడ్లింగ్ పోతుంది, బండి ఆపినప్పుడు ఇంజన్ నిలకడగా తిరగదు. ఆ పని చేయబుద్ధి కాలేదు. పోయిన థ్రెడ్డు చోట స్టీలు తీగ చుట్ట ఎక్కించే హెలికాయిల్ కిట్ తెప్పించాను, మూడు రోజులు పట్టింది. మూలన పడి ఉన్న పాత హెడ్ మీద పది రంధ్రాలు వేసి చెయ్యి కుదిరాకే ఆయన బండి ముట్టుకున్నాను. ఈలోగా మీ బండ్లు ఆగిపోయాయి.

8.3 ఎం.ఎం. డ్రిల్లు, పక్కకు ఒరగకుండా నిటారుగా దించాలి. తర్వాత కిట్‌తో వచ్చిన, మర కోసే ట్యాపుకు గ్రీజు పూసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు. రజనంతా గ్రీజుకే అంటుకుంటుంది. గాలి కొట్టి శుభ్రం చేశాక స్టెయిన్‌లెస్ స్టీలు తీగ చుట్ట ఎక్కించి, పైఅంచుకు పావు చుట్టు కిందే ఆపాను. కొనన ఉండే చిన్న కొక్కెం విరిచి తీసేశాను. ఇప్పుడు బోల్టు తిరిగేది స్టీలు మీద. ఇది కంపెనీ థ్రెడ్డు కంటే గట్టిది. పెద్దాయన దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఇక నుంచి మా చేతిలో థ్రెడ్డు పోతే ఖర్చు మాది. మీ బండిలో ముందే పోయి ఉంటే ఫోటో పంపి, రేటు చెప్పి, మీరు సరేనన్నాకే చెయ్యి పెడతాం. వేడి ఇంజన్ మీద హెడ్డు, ప్లగ్గుల పని చేయం, బండి సాయంత్రం వదిలి వెళ్తే చల్లారాక పొద్దున విప్పుతాం. దానికి ఒక రోజు ఎక్కువ పడుతుంది, దయచేసి తొందరపెట్టొద్దు.

ఈ ఆరు నెలల్లో మా దగ్గర మ్యానిఫోల్డ్ పని చేయించుకున్న పాత బండ్లు ఒకసారి తీసుకురండి. ప్రతి బోల్టూ టార్క్ రెంచ్ పెట్టి చూసి ఇస్తాం, డబ్బులేమీ వద్దు. ఆదివారం తప్ప రోజూ పొద్దున 9 గంటల నుంచి షెడ్డులోనే ఉంటాను.