పెద్ద నది మీద బంగారుతీగల కోసం

ఒరేయ్, ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా?

పిల్లల్ని వెంటేసుకుని పెద్ద నది మీద బంగారుతీగల కోసం, అదే కామన్ కార్ప్ చేపల కోసం, గాలం పట్టుకుని వెళ్ళొచ్చా, చెరువు గట్టున కూర్చున్నట్టే ఉంటుందా అని అడిగావు కదా. అది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదురా. మొన్న సెలవులకి మేమందరం వెళ్ళొచ్చాం. అమ్మానాన్న, మీ చెల్లెలు, అక్కాబావ, పిల్లలు, అందరూ. ఇంకా అదే ధ్యాసలో ఉన్నాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

వెళ్ళొచ్చు. హాయిగా వెళ్ళొచ్చు. కానీ చెరువు లెక్క వేరు, నది లెక్క వేరు. చెరువులో నీళ్ళు నిలిచి ఉంటాయి, చేప ఎటైనా తిరుగుతుంది, ఓపిగ్గా కూర్చుంటే ఎప్పటికో ఒకప్పటికి మన ఎర దగ్గరికి వస్తుంది. పెద్ద నదిలో అలా కూర్చుంటే సాయంత్రం దాకా నీళ్ళు చూసి ఇంటికి రావడమే. బంగారుతీగ బరువైన చేప, రోజంతా ఒరవడికి ఎదురీదుతూ ఒళ్ళు అలవగొట్టుకోదు. నీళ్ళు ఎక్కడ నెమ్మదిస్తాయో అక్కడ చేరుతుంది, ఎందుకంటే కొట్టుకొచ్చిన మేత కూడా అక్కడే దిగుతుంది. లంక వెనకవైపు, పాయ వచ్చి కలిసే చోటు, వంపు లోపలి పక్క ఒండ్రు మేట వేసిన చోటు, విరిగిపడ్డ చెట్టు వెనక, రెల్లు వారగా. అంత వెడల్పు నదిలో చేపలున్న చోటు చాలా కొంచెమే, మిగతాదంతా వాటికి దారి, అంతే. అందుకని గాలం విప్పడానికి ముందు చోటు వెతకడమే అసలు పని. నన్నడిగితే సగం సరదా కూడా అందులోనే ఉంది.

మేము వెళ్ళగానే సామాన్లు దింపలేదు. బావా, నేనూ ఒడ్డు వెంట నడిచాం, పిల్లలు మా వెనక. నీటి మీద తేలే ఆకులూ, నురగా ఎటు పోతున్నాయో చూడమన్నాను. నది మధ్యలో అవి పరుగెత్తుతున్నాయి, ఒడ్డుకి కొంచెం ఇవతల ఒక గీత గీసినట్టు ఆగి, అక్కడక్కడే తిరుగుతున్నాయి. ఆ గీత దొరికిందంటే చాలురా. వడి నీళ్ళకీ నెమ్మది నీళ్ళకీ మధ్య హద్దు అది. తర్వాత కొక్కెం లేకుండా ఉత్త సీసం గుండు విసిరి, నెమ్మదిగా లాగి, అడుగు ఎలా ఉందో చేతితో చూసుకున్నాం. రాళ్ళుంటే లైన్‌లో టకటకమని తెలుస్తుంది, ఇసకైతే నున్నగా జారుతుంది, మెత్తటి బురదైతే గుండు కూరుకుపోయి లాగితే ఊడొస్తుంది. మరీ లోతు బురదా వద్దు, ఉత్త రాయీ వద్దు. గట్టినేల మీద పల్చగా ఒండ్రు పరుచుకున్న చోటు మంచిది. నత్తలూ, పురుగులూ దొరికేది అక్కడే. మా పెద్దాడికి ఈ గుండు విసిరే పని ఎంత నచ్చిందంటే, వాడి చేతిలోంచి రాడ్ తీసుకోవడం నావల్ల కాలేదు.

ఇక పిల్లల అల్లరి. చేపలు పారిపోతాయేమోనని నీకు టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. ఒక సంగతి చెప్తాను, నిజంగా పనికొస్తుంది. బంగారుతీగకి వినికిడి చాలా ఎక్కువ. దాని గాలితిత్తికీ, లోపలి చెవికీ మధ్య చిన్న చిన్న ఎముకల వరుస ఉంటుంది, నీళ్ళలో కదలిక అంతా అలా చెవికి చేరిపోతుంది. కానీ గాల్లో మాట్లాడిన మాట నీళ్ళలోకి పెద్దగా దిగదు, చాలావరకు పైనుంచే వెనక్కి పోతుంది. నేల మీద దబదబా పరుగెత్తితే మాత్రం ఆ అదురు ఒడ్డులోంచి సూటిగా నీళ్ళలోకి పోతుంది. కాబట్టి పిల్లలకి "మాట్లాడకండి" అని చెప్పక్కర్లేదు, "పరుగెత్తకండి" అంటే చాలు. మేము అదే రూల్ పెట్టాం. కబుర్లు ఎంతసేపైనా చెప్పుకోండి, నీటి దగ్గర మాత్రం మెత్తగా నడవండి అని. అమ్మా, అక్కా పొద్దున్నించి మొదలుపెట్టిన మాటలు ఆపనేలేదు, చేపలు పడుతూనే ఉన్నాయి.

సామాను గురించి ఎక్కువ రాయను, నీ దగ్గరున్నవి చాలు. ఒరవడిలో ఎర నిలబడాలంటే వంద గ్రాములు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ సీసం కావాలి, గుండ్రటిది దొర్లుతుంది కాబట్టి బల్లపరుపుగా ఉన్నది తెచ్చుకో. రాడ్ కొసలు పైకెత్తి పెట్టు, లైన్ ఎంత తక్కువ నీళ్ళలో ఉంటే కొట్టుకొచ్చే చెత్త అంత తక్కువ పట్టుకుంటుంది. ఇంకొకటి, ఇందులో మాత్రం రాజీపడకు. లైన్ తెగితే సీసం దానంతటది ఊడిపోయేలా కట్టు. లేకపోతే ఆ చేప బరువు ఈడ్చుకుంటూ ఎక్కడో చెట్టుకొమ్మకి చిక్కుకుని చస్తుంది.

ఎరకి మొక్కజొన్న గింజలు. ముందురోజే నానబెట్టి, మెత్తబడేదాకా బాగా ఉడికించి తీసుకెళ్ళాం. పచ్చి గింజలు వేయకూడదు, చేప కడుపులోకి పోయాక నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి. నిజానికి బంగారుతీగకి మనలా జీర్ణాశయం ఉండదు, మేత నేరుగా పేగులోకే పోతుంది. అందుకే ఒకేసారి పొట్ట నింపుకోదు, కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది. మేత చల్లేటప్పుడు ఇది గుర్తుపెట్టుకో. ఒక్కసారే బకెట్ దిమ్మరించకుండా గుప్పెడు గుప్పెడు వేస్తూ ఉండాలి. అదీ మన గాలం ఉన్న చోట కాదు, ఎగువన. కొట్టుకొచ్చి అడుక్కి దిగేసరికి మన ఎర పక్కనుండాలి. ఈ పని నాన్న తీసుకున్నారు. ఆయన చేతి అంచనా ముందు మా లెక్కలు పనికిరావు.

గింజని కొక్కానికి గుచ్చలేదు, హెయిర్ రిగ్ కట్టాం. కొక్కెం ఖాళీగా ఉంటుంది, దాని కింద సన్నటి దారానికి గింజలు వేలాడతాయి. బంగారుతీగ ఎరని నోట్లోకి పీల్చుకుని, అనుమానం వస్తే ఊదేస్తుంది కదా, అలా ఊదినప్పుడు ఖాళీ కొక్కెం కింది పెదవికి పట్టుకుంటుంది. 1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో లెన్ మిడిల్టన్, కెవిన్ మ్యాడక్స్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు, మొదట్లో నిజంగా మనిషి వెంట్రుకతోనే కట్టి చూశారట. ఇంత చిన్న మార్పుతో చేపలు పట్టే తీరే మారిపోయింది, నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. మీ చెల్లెలు ఒకసారి చూసి నాకంటే చక్కగా కట్టేసింది, ఆ తర్వాత ముడులన్నీ తనవే.

మొదటి రోజు పొద్దెక్కేదాకా చిన్నవే పడ్డాయి, బావకి ఒకటీ, పెద్దాడికి ఒకటీ. ఎండ ముదిరాక చేపలు పడటం ఆగిపోయింది. పెద్దవాళ్ళం నీడలో చేరాం. మా చిన్నది మాత్రం ఒడ్డున రెల్లు పక్కన గొంతుక్కూర్చుని కదలట్లేదు. కాసేపటికి వచ్చి నా చెవిలో, "నాన్నా, అక్కడ నీళ్ళు ఉడుకుతున్నాయి" అంది. వెళ్ళి చూస్తే నిజమే, ఒడ్డుకి బారెడు దూరంలో సన్నటి బుడగలు గుంపుగా పైకొస్తున్నాయి, పక్కన నీళ్ళు మట్టి రంగు తిరుగుతున్నాయి, రెల్లు కాడ ఒకటి గాలి లేకుండానే ఊగుతోంది. బంగారుతీగ మూతి బురదలో పెట్టి మేత తవ్వుకుంటోందన్నమాట. దాని నోటి చుట్టూ నాలుగు మీసాలుంటాయి, కంటికి కనపడని బురదలో వాటితోనే రుచి చూసుకుంటుంది. దవడకి పళ్ళుండవు, పళ్ళన్నీ గొంతులో, నత్తగుల్లల్ని అక్కడే పిండి చేసుకుంటుంది. ఇదంతా చిన్నదానికి గుసగుసగా చెప్తుంటే నాన్న మాట్లాడకుండా వెళ్ళి బెండు రాడ్ తెచ్చారు.

ఇక్కడ సీసం విసిరితే అంతా పాడు. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క గింజ గుచ్చి, బుడగలకి కొంచెం పక్కగా వదిలారు. ఎవరూ ఊపిరి తీసుకోలేదు. బెండు ముందు కాస్త పైకి లేచింది, పక్కకి వాలింది, తర్వాత మునగకుండా రెల్లులోకి జారుకోవడం మొదలుపెట్టింది. నాన్న ఎత్తారు. అంతే, రీల్ అరుపు అందుకుంది! నదిలో చేప ఒక్కదానితోనే కాదు, దాని వెనక ఉన్న నీటి బరువుతో కూడా పోరాడాలి. అది ఆ వడి గీత దాటి నడిమి నీళ్ళలోకి పోయిందంటే దాని బలం రెట్టింపైనట్టే. నాన్న రాడ్‌ని పక్కకి వంచి, లాగకుండా, వదలకుండా పట్టుకున్నారు. అది పరుగు తీస్తే బ్రేక్ మీద లైన్ ఇచ్చారు, ఆగితే చుట్టుకున్నారు. బావ చేతివల నీళ్ళలో ముంచి కదలకుండా నిలబడ్డాడు. వల పట్టుకుని చేప వెంట పరుగెత్తకూడదు, చేపనే వల మీదకి తీసుకురావాలి. దాని వీపు రెక్క ముందు రంపపు పళ్ళున్న ముల్లు ఉంటుంది, అది వల అంచుకి చిక్కితే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. మూడోసారి తేలినప్పుడు దాని పక్క మీద ఎండ పడింది, ఆ రంగు చూసి అమ్మ చప్పట్లు కొట్టేసింది.

తూకం సంచిలో ఏడు కిలోలు దాటింది. తడిపిన చాప మీద పడుకోబెట్టాం, చేతులు తడుపుకునే ముట్టుకున్నాం, ఎందుకంటే ఒంటి మీదుండే జిగురే దానికి రక్ష, పొడి చెయ్యి తగిలితే ఊడిపోతుంది. ఫోటో కూడా నేలకి దగ్గరగా కూర్చునే తీసుకున్నాం. అప్పుడు చిన్నది దాని వయసెంత అని అడిగింది. పొలుసు మీద చెట్టు మొదల్లో లాగే వలయాలుంటాయని చెప్పి, ఇంగ్లండ్‌లో రిచర్డ్ వాకర్ అనే ఆయన గాలంతో పట్టిన చేప కథ చెప్పాను. 1952లో ఆయన 44 పౌన్ల బంగారుతీగని, అంటే దాదాపు 20 కిలోల దాన్ని, ప్రాణంతో లండన్ జంతుప్రదర్శనశాలకి పంపితే అది 1971 దాకా అక్కడే బతికింది. వినగానే చిన్నది "మరి ఇది కూడా అన్నేళ్ళు బతకాలి కదా" అంది. వదిలేయడానికి అంతకంటే వేరే మాట అక్కర్లేకపోయింది. పైగా పొట్ట చూస్తే ఆడది. కిలో బరువుకి లక్షకి పైగా గుడ్లు పెట్టగలదు, అలాంటి పెద్ద తల్లిచేప నదిలో ఉండటమే మంచిదని నాన్న కూడా అన్నారు. నెమ్మది నీళ్ళలో తల ఒరవడి వైపు ఉండేలా పట్టుకుని, మొప్పలు సరిగ్గా ఆడి, అదే తోక ఝాడించాకే చేతులు తీశాం.

ఇది అన్నిచోట్లా చెల్లదు, అదీ చెప్పాలి. ఆస్ట్రేలియాలో కొన్ని రాష్ట్రాల్లో పట్టిన బంగారుతీగని తిరిగి నీళ్ళలో వదలడం నేరం, అక్కడికి అది బయటినుంచి వచ్చి నదుల అడుగంతా కెలికేసి నీళ్ళు మురికి చేసింది. అదే చేప, పెంపకంలో లేని సహజ జాతి, యూరప్‌లో డాన్యూబ్ లాంటి దాని సొంత నదుల్లో మాత్రం తగ్గిపోతోంది. కాబట్టి మీరు వెళ్ళే నదికి ఏ రూల్ ఉందో, పర్మిట్ కావాలో వద్దో, గుడ్లు పెట్టే కాలంలో నిషేధం ఉందో లేదో ముందే కనుక్కో.

చివరిగా, అన్నిటికంటే ముఖ్యమైనది, నది దగ్గర జాగ్రత్త. ఎగువన ఆనకట్ట ఉంటే, ఇక్కడ చినుకు పడకపోయినా నీళ్ళు పెరగొచ్చు. మేము వెళ్ళగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చాం, దాన్ని చూస్తూ ఉండటం అమ్మ డ్యూటీ. పుల్ల మునగడం మొదలైతే మాట లేకుండా అందరూ పైగట్టుకి. ఇసకతిన్నె మీద, లంక మీద కుటుంబంతో మకాం పెట్టకు, ఎంత అందంగా ఉన్నా సరే, నీళ్ళు పెరిగితే ముందు తెగేది తిరిగొచ్చే దారే. కోతపడ్డ ఒడ్డు అంచున నిలబడనివ్వకు, కింద బోలుగా ఉంటుంది. పిల్లలకి ఈత వచ్చినా లైఫ్ జాకెట్ తీయనివ్వకు, వంకలు చెప్తారు, వినకు.

వరద తీసి నీళ్ళు తేటపడ్డాక, చలి ముదరకముందు రండి, కలిసే వెళ్దాం. నీళ్ళు మరీ చల్లబడితే దీనికి ఆకలి మందగిస్తుంది. నాన్న అప్పుడే అడుగుతున్నారు మీరెప్పుడొస్తారని. రాడ్లు నేను సర్దుతాను, నువ్వు మీ పిల్లల బరువులు మాత్రం రాసి పంపు, జాకెట్లు సరిపోయేవి చూసి ఉంచాలి. చెల్లెమ్మకి ముడులు నేర్పే బాధ్యత మీ చెల్లెలిది, తను అప్పుడే దారాలు తీసి పెట్టుకుంది.

వెంటనే జవాబు రాయి. ఉంటాను.