మీ ఆఫీసుల్లోని బేస్ సెట్ల విషయమై బోటు యజమానులకు మా మాట

కాకినాడలో మా దుకాణం ద్వారా వీహెచ్ఎఫ్ సెట్లు (ఒడ్డూ బోట్లూ మాట్లాడుకునే రేడియోలు) బిగించుకున్న బోటు యజమానులందరికీ నమస్కారం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న రోజుల్లో మీ ఒడ్డు ఆఫీసుల నుంచి 11 బేస్ సెట్లు సర్వీసింగుకు వచ్చాయి. వేట మొదలైన వారంలోపే వాటిలో నాలుగింటి గురించి "బోట్లు పలకడం లేదు" అంటూ ఫోన్లు వచ్చాయి. వెళ్లి చూడగా తప్పు మాదేనని తేలింది.

బల్ల మీద సెట్టును పరీక్షించేటప్పుడు బుస్సుమనే మోత ఆగడానికి మా కుర్రవాడు స్క్వెల్చ్ నాబ్‌ను కుడివైపు చివరిదాకా తిప్పి, ప్రసారశక్తిని 25 వాట్ల నుంచి 1 వాట్‌కు మార్చాడు. వాటిని యథాస్థితికి తెచ్చి పంపవలసింది నేను, చూడకుండానే పంపించాను.

ఆ నాలుగింటిలో ఒక ఆఫీసుకు రాత్రి తొమ్మిది దాటాక వెళ్లాను. సెట్టు ముందు కూర్చున్న పెద్దాయన వాల్యూమ్ పూర్తిగా పెంచి, స్పీకరుకు చెవి ఆనించి ఉన్నారు. నేను స్క్వెల్చ్‌ను మెల్లగా ఎడమవైపు తిప్పగానే ముందు మోత వచ్చింది, ఆ మోతలోనే వాళ్ల సరంగు గొంతు వినిపించింది. అతడు ఎంతసేపటి నుంచి పిలుస్తున్నాడో అడిగి తెలుసుకోవడానికి నాకు మనసొప్పలేదు.

వాల్యూమ్ వచ్చిన ధ్వనిని పెంచుతుంది, తగ్గిస్తుంది, అంతే. అసలు ఏ సంకేతాన్ని స్పీకరు దాకా రానివ్వాలో నిర్ణయించేది స్క్వెల్చ్. అది కుడివైపు మరీ ఎక్కువగా తిప్పి ఉంటే దగ్గరి బోటు మాట వినిపిస్తుంది గాని, దూరంలో ఉన్న బలహీనమైన పిలుపు లోపలే ఆగిపోతుంది. అందుచేత రోజూ సెట్టు వేయగానే దాన్ని ఎడమవైపు తిప్పి, మోత వచ్చాక, ఆ మోత ఆగేంత మేరకే కుడివైపు తిప్పి వదిలేయండి. గాలీవానా ఉన్న రోజున మోత కొంత మిగిలినా ఓర్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

రేవులోని బోటుతో మాట్లాడడానికి 1 వాట్ చాలు. దూరానికి 25 వాట్లు పెట్టండి. అయితే వాట్లు పెంచినంత మాత్రాన ఎంత దూరమైనా అందదు. ఒడ్డున 16 మీటర్ల ఎత్తున, బోటు మీద 4 మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉంటే మాట సుమారు 25 కిలోమీటర్ల వరకు అందుతుంది. మైకు బటన్ నొక్కినప్పుడు తెర మసకబారితే సెట్టును అనుమానించే ముందు బ్యాటరీని, దాని తీగల బిగింపును చూడండి. మాట్లాడడం పూర్తికాగానే బటన్ వదలండి. అది నొక్కి ఉన్నంతసేపు మీకు ఎవరి మాటా వినిపించదు, ఆ చానెల్ మీద మిగిలినవారి మాటకు కూడా అడ్డుపడుతుంది. మైకును దిండు కింద పెట్టి నిద్రపోవద్దని అందుకే చెబుతుంటాను.

16 అని రాసి ఉన్న బటన్ నొక్కితే సెట్టు నేరుగా 156.8 మెగాహెర్ట్జ్ మీదికి, అంటే ఆపద పిలుపుల చానెల్‌కు వెళుతుంది. డ్యూయల్ వాచ్ వేసుకుంటే మీ పని చానెల్‌తో పాటు దాన్ని కూడా సెట్టు మార్చి మార్చి వింటుంది. మూత కింద ఉన్న, ఆపద సంకేతం పంపే ఎర్ర బటన్‌ను మాత్రం పరీక్ష కోసం ఎన్నడూ నొక్కవద్దు.

ఆ నలుగురి దగ్గర తీసుకున్న సర్వీసింగు డబ్బు తిరిగి ఇచ్చేశాను. మిగిలిన ఏడు సెట్లనూ ఈ ఆదివారంలోగా మీ ఆఫీసులకే వచ్చి నేను స్వయంగా చూస్తాను, రుసుము ఉండదు. ఇకమీదట ఏ సెట్టునూ దుకాణంలో అప్పగించి ఊరుకోము. మీ గదిలో బిగించి, సముద్రంలో ఉన్న మీ బోటుతో మీరే మాట్లాడి, బదులు విన్నాకే సంతకం పెట్టించుకుంటాము.