ఫ్రీజర్‌లోని పురుగులు, టబ్బులోని పిల్లలు

మలక్‌పేట,
హైదరాబాదు.

చిరంజీవి చిన్నాను ఆశీర్వదించి అమ్మ రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. సంక్రాంతికి వచ్చి వెళ్తూ నువ్వు నాకు అప్పగించిన ఫైటర్ చేపల జంట గుడ్లు పెట్టిందని, పిల్లలు ఈదుతున్నాయని ఫోనులో చెప్పగానే, "ఫ్రీజర్‌లో బ్లడ్‌వార్మ్స్ ఉన్నాయి కదా, రోజుకో ముక్క వెయ్యమ్మా" అన్నావు. నేను వేయలేదు. కారణం ఫోనులో చెబితే సగం విని పెట్టేస్తావని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఎర్ర పురుగు దగ్గర దగ్గర సెంటీమీటరు పొడవుంటుంది. ఈ పిల్ల తలనుంచి తోకదాకా మూడు నాలుగు మిల్లీమీటర్లు. భూతద్దంలో చూస్తే రెండు నల్లని కళ్లు, వాటి వెనక ఒక వెంట్రుక, అంతే. దాని నోట్లో ఏది పడుతుందో అదే దానికి ఆహారం. మిగిలినదంతా నీటి అడుగున కుళ్లే చెత్త. ఇంత తెలిసిన నేను కూడా మొదటి రోజు పొరపాటు చేశానని ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినదాన్ని, ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఉడికించిన గుడ్డు పచ్చసొన నీళ్లలో కలిపి చుక్కలు చుక్కలుగా వేశాను. తెల్లవారేసరికి టబ్బు నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా తెల్లబడ్డాయి. అరవై పైచిలుకు పిల్లల్లో ఇరవై దాకా చచ్చిపోయాయి.

తర్వాత బుద్ధి తెచ్చుకుని, పాత తొట్టె నీళ్లు ఒక సీసాలో పోసి, ఉడికించిన క్యాబేజీ ఆకు ముక్క వేసి కిటికీ దగ్గర పెట్టాను. నాలుగు రోజులకు అందులో కంటికి ఆనని పారమీషియం వంటి సూక్ష్మజీవులు పుట్టాయి. (ఆలోగా టబ్బులోని నాచుకు పట్టిన సూక్ష్మజీవులే పిల్లలను బతికించాయి.) కుళాయి నీళ్లు నేరుగా పోయకూడదన్నది గుర్తుంచుకో, జలమండలి నీటిలోని క్లోరిన్ పిల్లలతో పాటు వాటి తిండిని కూడా చంపుతుంది. ఒక రోజు గాలి తగిలేలా బకెట్‌లో ఉంచి వాడుతున్నాను.

ఇప్పుడు పిల్లలు ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి పిల్లలను తింటున్నాయి. మన నెల్లూరు, కాకినాడ వైపు రొయ్య పిల్లల హేచరీల్లో వాడేది ఇదే. గుడ్లు ఎండిన కాఫీపొడిలా ఉంటాయి. చాలా కాలంగా వాటిలో పెద్ద వాటా అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తోంది. లీటరు నీటికి 25 గ్రాముల కల్లుప్పు కలిపి, పావు చెంచా గుడ్లు వేసి, ఎయిర్ పంపు గొట్టం అడుగుదాకా దింపాను. 28 డిగ్రీల వేడిలో ఒక రోజుకే పొదుగుతాయి కానీ, ఈ చలికి సీసా పక్కన బల్బు వెలిగించినా ఒకటిన్నర రోజు పట్టింది. గాలి ఆపి పది నిమిషాలు కదపకుండా ఉంచితే పెంకులు పైకి తేలతాయి. అడుగున టార్చిలైటు పెట్టగానే అర మిల్లీమీటరు కూడా లేని ఆర్టీమియా పిల్లలన్నీ నారింజ రంగు మబ్బులా వెలుతురువైపు కదిలి వచ్చాయి. మీ నాన్నగారు పేపరు పక్కన పెట్టి మరీ చూశారు, చిన్నా! వాటిని సన్నని గొట్టంతో లాగి, పాత నూలు గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేశాను. పెంకులు వెళ్తే చేపపిల్లల పేగుల్లో ఇరుక్కుంటాయి కనుక వాటిని వేరు చేయడంలో బద్ధకం పనికిరాదు. ఆర్టీమియాను పుట్టిన కొద్ది గంటల్లోనే వేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ తమలోని సొనను తామే ఖర్చు చేసుకుని అవి బలం తగ్గిపోతాయి. మంచినీటిలో కొన్ని గంటలకు మించి బతకవు కూడా. అందుకే ఒక్కసారే కుమ్మరించకుండా రోజుకు మూడు నాలుగు పూటలు కొంచెం కొంచెం వేస్తున్నాను. పావుగంటకు పొట్టలు నారింజ రంగుకు తిరిగితే నా పని అయినట్టే.

తేవాలా అని నువ్వు అడిగిన ట్యూబిఫెక్స్ మాత్రం ప్రాణంతో తేవద్దు. అది మురుగు బురదలో పెరిగే పురుగు. మన మూసీ ఒడ్డు చూసినవాడివి, చెప్పాలా? మేడ మీది డ్రమ్ములో దోమపిల్లలు దొరికితే వాటిని వడకట్టి పెద్ద చేపలకు వేయవచ్చు కానీ, వాటికోసం నీళ్లు నిలవ పెట్టడం నాకు ఇష్టం లేదు. వారం పది రోజుల్లో అవే డెంగీ దోమలై ఎగరవచ్చు.

పిల్లలు సెంటీమీటరు దాటాక గడ్డకట్టించిన ఆర్టీమియా, మొయినా అనే చిన్న నీటి ఈగలు మొదలుపెడతాను. నీ బ్లడ్‌వార్మ్స్ నెలన్నర తర్వాత, బ్లేడుతో సన్నగా తరిగి వేస్తాను. ముక్కను నేరుగా టబ్బులో వేయకూడదు. గిన్నెలోని నీళ్లలో కరిగించి, ఆ ఎర్రని రసం వంపేసి, పురుగులను మాత్రమే వేయాలి. చేత్తో ముట్టుకోకు, కొందరికి దురద, తుమ్ములు వస్తాయి. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించవద్దు. మొన్న సాయంత్రం మూడు గంటలు కరెంటు పోయి ఒక పొట్లం మెత్తబడితే పారేశాను, డబ్బు పోతే పోయింది. మిగిలినవి మీ నాన్నగారి గొడవ పడలేక మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలోకి మార్చాను. ఐస్‌క్రీం పక్కన పురుగులేమిటని ఆయన రోజూ ఫ్రీజర్ తలుపు తీసి మరీ అడుగుతున్నారు.

తండ్రి చేపను వేరు చేశాను, బాగానే ఉంది. ఉగాదికి వచ్చేటప్పుడు ఆర్టీమియా గుడ్ల చిన్న డబ్బా ఒకటి తీసుకురా. తేదీ చూసి కొను, పాతవైతే సగం కూడా పొదగవు.

ఇట్లు,
మీ అమ్మ