కాళ్ల వెయిట్లు కొనేవాళ్లకు: షాపులో ఏం మారింది, ఎందుకు మారింది

నమస్తే. ఈ నెల నుంచి మా షాపులో ఒక్కోటి 2 కిలోలు దాటిన కాళ్ల వెయిట్లు (వ్యాయామానికి చీలమండకు పట్టీతో కట్టుకునే బరువులు) ఉండవు. ఇసుక నింపిన చవక రకం కూడా పూర్తిగా ఆపేశాం. పెద్ద జతలు ఏమయ్యాయని, 220 రూపాయల జత ఎందుకు తీసేశారని కౌంటర్ దగ్గర రోజూ అడుగుతున్నారు. వచ్చిన ప్రతి ఒక్కరినీ నిలబెట్టి ఇదంతా చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడవే. కొనేముందు చదవండి. చదివాక వద్దనిపిస్తే కొనకండి, మాకు ఇబ్బంది లేదు.

ముందుగా అసలు విషయం. కాళ్లకు వెయిట్లు కట్టుకుని వాకింగ్ చేయకండి. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు పొద్దున్నే వెళ్లే అన్నలు, అక్కలు ఎక్కువమంది కొనేది అందుకేనని మాకు తెలుసు. ఆ అమ్మకం పోయినా సరే, ఇది చెప్పే అమ్ముతాం.

ఎందుకంటే, గంట నడిస్తే దాదాపు 6 వేల అడుగులు పడతాయి. అంటే ఒక్కో కాలు 3 వేల సార్లు లేస్తుంది. కాలికి కిలో కట్టుకుంటే ఆ కిలోను 3 వేల సార్లు ఎత్తి, ముందుకు విసిరి, ఆపాలి. ఎత్తడం కంటే ఆపడమే కష్టం. కాలు ముందుకు ఊగినప్పుడు దాన్ని అదుపు చేసేది తొడ వెనక కండరం. బరువు కొనలో ఉంది కాబట్టి ఊపు ఎక్కువై, ఆ కండరం మీద, మోకాలి కీలు మీద ప్రతి అడుగుకూ లాగుడు పడుతుంది. సగం దూరం పోయేసరికి తుంటి ముందు కండరాలు అలిసిపోయి మనిషి ముందుకు వంగి నడుస్తాడు. మడమ కూడా నేలను గట్టిగా తాకుతుంది. మొదటి వారం ఏమీ తెలియదు. తర్వాత మోకాలి లోపలి వైపో, తుంటి దగ్గరో, నడుములోనో నొప్పి మొదలవుతుంది. అది వెయిట్ల వల్లేనని చాలామందికి తట్టదు, ఎందుకంటే నొప్పి వచ్చేది కట్టిన చోట కాదు.

లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కేవాళ్లకైతే ఇంకా గట్టిగా చెప్తున్నాం. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడక మనమే ఆగుతాం కాబట్టి కొంత నయం. దిగేటప్పుడు ఆయాసం ఉండదు, కాలు బరువుకు దానంతటదే పడుతుంది, ఆ దెబ్బంతా మోకాలి చిప్ప మీదే. గుట్టకు వెయిట్లు తీసుకుపోవద్దు.

బరువు తగ్గుతామనే ఆశతో కొనేవాళ్లకు ఒక లెక్క. 60 కిలోల మనిషి అరగంట మామూలు వేగంతో నడిస్తే సుమారు 100 కేలరీలు ఖర్చవుతాయి. చిన్న వెయిట్లు కట్టుకుంటే దాని మీద 5 నుంచి 15 శాతం దాకా పెరగొచ్చు. 15 శాతమే అనుకుందాం, 15 కేలరీలు. చాయ్‌లో వేసుకునే ఒక చెంచా చక్కెర అంతకంటే కాస్త ఎక్కువే. దానికోసం మోకాళ్లను పణంగా పెట్టడం దండగ. వెయిట్లు లేకుండా ఇంకో 10 నిమిషాలు నడిస్తే దానికి రెట్టింపు పని అవుతుంది, ఖర్చు లేదు.

మరి ఇవి దేనికి? నిదానంగా, లెక్కపెట్టి చేసే వ్యాయామానికి. అక్కడ ఇవి నిజంగా మంచి వస్తువులు, తక్కువ ధరలో ఇంత పనికొచ్చేవి మా షాపులో ఇంకోటి లేదని చెప్పగలం. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు పెద్ద వయసువాళ్లు జారిపడకుండా ఉండేందుకు ఒక వ్యాయామ పద్ధతి తయారు చేశారు. ఒటాగో వ్యాయామాలు అనే పేరుతో చాలా దేశాల్లో ఫిజియోథెరపిస్టులు చేయిస్తారు. తొడలకు, తుంటికి బలం రావడానికి అందులో వాడేవి ఈ చీలమండ వెయిట్లే. అందులో నడక కూడా ఉంది, అది మాత్రం వేరుగా, వెయిట్లు లేకుండా.

ఇంట్లో ఇలా చేయండి. గట్టి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండి, తొడ మొత్తం కుర్చీ మీద ఉండాలి. ఒక కాలు 3 అంకెలు లెక్కపెడుతూ చాపండి, ఒక క్షణం ఆపండి, 4 అంకెలు లెక్కపెడుతూ దించండి. దించడమే ముఖ్యం, టపీమని వదిలేస్తే సగం లాభం పోయినట్టే. ఇలా 10 సార్లు, తర్వాత రెండో కాలు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఒక రౌండు. తర్వాత దర్వాజ పట్టుకుని నిలబడి, మోకాలు ముందుకు పోనీయకుండా మడమను వెనక్కి లేపండి. ఆ తర్వాత కాలును పక్కకు లేపండి, మరీ ఎత్తు లేపాల్సిన పని లేదు. వేళ్లు ముందుకే చూడాలి, నడుము అటు వంగకూడదు. నడుము వంగుతోందంటే బరువు ఎక్కువైందని అర్థం. ఈ మూడూ కలిపి 15 నిమిషాలు. వారానికి 3 రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. రోజూ చేస్తే తొందరగా బలం రాదు, కండరానికి తేరుకునే టైం ఇవ్వాలి.

పక్కకు లేపేటప్పుడు మోకాలు నొప్పి పెడితే వెయిట్‌ను చీలమండకు కాకుండా మోకాలి పైన కట్టండి. తుంటి నుంచి చీలమండ దాకా సుమారు 80 సెంటీమీటర్లుంటే మోకాలి పైకి 40 ఉంటుంది. దూరం సగమైతే తుంటి మీద పడే భారం సగమవుతుంది, మోకాలి మీద అసలు పడదు. కాకపోతే మోకాలి పైన చుట్టుకొలత 35 నుంచి 45 సెంటీమీటర్లు ఉంటుంది, చిన్న పట్టీ అందదు. ఇందుకు కావాలంటే ముందే చెప్పండి, పొడవు పట్టీది చూపిస్తాం.

ఎంత బరువు? మొదటిసారి కొనేవాళ్లకు ఒక్కో కాలికి అర కిలో, అంతే. 10 సార్లు చేసేది 15 సార్లు రెండు రౌండ్లు వణుకు లేకుండా వచ్చి, అలా రెండు వారాలు గడిచాకే పెంచాలి. అర కిలో నుంచి ఒకేసారి కిలోకు పోతే అది రెట్టింపు. కీళ్లు పట్టేసేది ఎక్కువగా ఈ దూకుడు దగ్గరే. అందుకే పెద్ద జతలు ఆపి, ఇప్పుడు జేబుల రకం తెప్పించాం. ఒక్కోదాంట్లో 200 గ్రాముల ఇనుప ముక్కలు 5 ఉంటాయి, ఒక్కో ముక్క కలుపుకుంటూ పోవచ్చు. జత 850. ముక్కలు లేని అర కిలో మామూలు జత 380. పాత ఇసుక జతతో పోలిస్తే ఎక్కువే.

ఆ ఇసుక రకం ఎందుకు ఆపేశామో కూడా వినండి. ఎండు ఇసుక లీటరుకు కిలోన్నర పైచిలుకు తూగుతుంది, ఇనుప గుళికలు లీటరుకు 4 కిలోలకు పైనే. అందుకే కిలో ఇసుక వెయిట్ దిండులా ఉబ్బి ఉంటుంది, నడిస్తే రెండు కాళ్లూ రాసుకుంటాయి. దాన్ని చిన్నగా చేయాలని గట్టిగా కుక్కుతారు, అప్పుడు కుట్టు మీద ఒత్తిడి పడుతుంది. విప్పి చూస్తే లోపల ప్లాస్టిక్ సంచి ఉండదు, ఇసుక నేరుగా గుడ్డలోనే ఉంటుంది. ఒకటే వరస కుట్టు. పట్టీ, సంచి కలిసే మూల దగ్గర మనం లాగిన ప్రతిసారీ సూది రంధ్రం కొంచెం కొంచెం పెద్దదై, అక్కడి నుంచి సన్న ఇసుక జారుతుంది. బండల మీద తెల్లటి పొడిలా కనిపిస్తే అదే. కొద్ది రోజులకు ఒకవైపు తేలికై, బరువు కిందికి జారి చీలమండ ఎముక మీద కూర్చుంటుంది.

ఎక్కడ కొన్నా ఈ నాలుగు చూడండి: కుట్టు రెండు వరసలు ఉండాలి, లోపల రెండు వేళ్ల వెడల్పు గదులుగా కుట్టి ఉండాలి, పట్టీ దూరే రింగు ఇనుముదై ఉండాలి, వెల్క్రో కనీసం 8 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి పడాలి. బరువు మీద ఇంకో తిరకాసు ఉంది. కవర్ మీద 2 కిలోలు అని ఉంటే అది జత బరువో, ఒక్కోదాని బరువో సరిగ్గా రాయరు. ఇక నుంచి మీ ముందే కాంటా మీద పెట్టి, ఒక్కోదాని మీద స్కెచ్‌తో బరువు రాసి ఇస్తాం. ఇంట్లో ఉన్న పాతవి తెచ్చినా తూచి పెడతాం.

కట్టుకునే పద్ధతి చిన్న విషయంలా ఉంటుంది కానీ సగం ఇబ్బందులు ఇక్కడే. చీలమండ ఎముకకు రెండు వేళ్ల పైన, పల్చటి నూలు సాక్సు మీద కట్టాలి. పట్టీ కింద ఒక వేలు దూరాలి. అక్కలు, అమ్మలు వెండి పట్టీలు తీసేసి కట్టుకోండి, గజ్జెలు చర్మంలోకి దిగబడతాయి. చేతుల వెయిట్లకు గాజులతోనే చిక్కు. మట్టి గాజుల మీద కడితే పగిలి గుచ్చుకుంటాయి, మోచేతి వైపు జరిపి కట్టినా చెయ్యి మడిచినప్పుడు ఒత్తుకుంటాయి. ఆ 15 నిమిషాలు గాజులు తీయడమే మేలు. తీయడం ఇష్టం లేకపోతే వెయిట్లు కాకుండా అర లీటరు నీళ్ల బాటిల్ పట్టుకుని చేయండి, బరువు అంతే, కొనాల్సిన పనీ లేదు.

చేతి వెయిట్లు ఒక్కోటి అర కిలో చాలు. చెయ్యి పక్కకు చాపి లేపేటప్పుడు భుజం ఎత్తు దాటొద్దు, మోచెయ్యి కొంచెం మడిచి ఉంచాలి. మణికట్టు ఎముకకు పైన కట్టాలి. వేళ్లు తిమ్మిరెక్కితే పట్టీ బిగుతైనట్టు. ఇవి కట్టుకుని రోజంతా ఇంటిపని చేస్తామని కొందరు అడుగుతున్నారు. వద్దు. వేడి గిన్నె దించేటప్పుడు, కూరగాయలు తరిగేటప్పుడు చెయ్యి అనుకున్న చోట ఆగదు.

ఎవరికి అమ్మమో కూడా చెప్పాలి. షుగర్ ఉండి పాదాలు మొద్దుబారినవాళ్లకు ఇవ్వం. పట్టీ ఒరుసుకుని పుండు పడినా వాళ్లకు తెలియదు, తెలిసేసరికి ముదురుతుంది. పిక్కల్లో నరాలు ఉబ్బినవాళ్లు, మోకాలు ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ సరేనన్నాకే రండి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగపట్టి చేయొద్దు, లేపేటప్పుడు ఊపిరి వదలాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పెద్దవాళ్ల విషయంలో మాకు ఎక్కువ జాగ్రత్త. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నా, ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగినవాళ్ల ఎముకల్లో అది చేరి ఉండొచ్చు. అది ముదిరితే కీళ్ల చుట్టూ ఎముకలను కలిపి ఉంచే కట్లు గట్టిపడి మోకాలు, నడుము వంగవు. ఎముక మందంగా కనిపిస్తుంది కానీ పెళుసు. అలాంటి మోకాలికి బరువు కట్టి వంచితే బలం రాదు, నష్టమే. వాళ్ల కోసం కొనాలని వచ్చే పిల్లలు ముందు ఎముకల డాక్టర్‌కు చూపించండి.

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేసే తమ్ముళ్లూ, ఇది మీకు. వెయిట్లు కట్టి పరుగెత్తితే, విప్పాక కాళ్లు తేలికైనట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడం కాసేపే, టైమింగ్ తగ్గదు. బరువుతో అడుగు నెమ్మదిస్తుంది, కాలు ఆ నెమ్మదికే అలవాటు పడుతుంది. మోకాలి కింద ముందువైపు ఎముక వెంబడి నొప్పి మొదలైతే నెల రోజుల ప్రాక్టీస్ పోతుంది. తెలంగాణ పోలీస్ 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు. అంటే 400 మీటర్లు సుమారు 1 నిమిషం 48 సెకన్ల చొప్పున నాలుగు సార్లు. వారానికి రెండు రోజులు అదే వేగంతో 400 మీటర్లు పరుగెత్తి, 2 నిమిషాలు ఆగి, మళ్లీ పరుగెత్తండి. అలా నాలుగు నుంచి మొదలుపెట్టి ఆరు దాకా. ఆగే టైం వారం వారం తగ్గించుకుంటూ రండి. వెయిట్లు కావాలనుకుంటే పరుగు లేని రోజు సాయంత్రం, ఇంట్లో, పైన రాసిన మూడు వ్యాయామాలకే.

ఉతకడం గురించి. మన ఎండలకు చెమట ఎక్కువ, చెమటలో ఉప్పు ఉంటుంది, ఇనుము తుప్పు పడుతుంది. కుట్టు వెంబడి గోధుమ రంగు మరక వస్తే లోపల తుప్పు మొదలైనట్టే. జేబుల రకమైతే ముక్కలు తీసేసి, బకెట్‌లో కొంచెం సర్ఫ్ వేసి చేత్తో ఉతికి నీడలో ఆరేయండి. ముక్కలు తీయరాని రకాన్ని నీళ్లలో ముంచొద్దు, తడి గుడ్డతో తుడిచి లోపలి వైపు ఫ్యాన్ కింద ఆరబెట్టండి. మిద్దె మీద ఎండలో వేస్తే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. వాషింగ్ మెషీన్ అసలే వద్దు. వెల్క్రో పట్టడం మానేస్తే పాడైందని పారేయకండి. ముళ్ల వైపు వెంట్రుకలు, దారప్పోగులు ఇరుక్కుని ఉంటాయి. పాత బ్రష్‌తో గీకితే మళ్లీ పడుతుంది.

మా దగ్గర కొన్నవాటికి కుట్టు విప్పుకుంటే 6 నెలల లోపు మార్చి ఇస్తాం, బిల్లు చాలు. తుప్పుకు, ఉతకడం వల్ల పాడైనవాటికి మార్పిడి లేదు. మా దగ్గర కొన్న ఇసుక జతలు కారుతుంటే తెండి, లోపల సంచి వేసి రెండు వరసలు కుట్టించి ఇస్తాం, డబ్బులు వద్దు. ఆదివారం తప్ప ఏ రోజైనా ఇవ్వొచ్చు, మూడో రోజుకు రెడీ అవుతుంది. ఊళ్ల నుంచి బస్సులో వచ్చేవాళ్లు రెండు కవర్లలో కట్టి తీసుకురండి, దారిలో ఇసుక కారకుండా ఉంటుంది.