షుగర్ చీటీ మీద అంకె ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, ముఖ్యంగా ఉదయగిరి, సీతారామపురం వైపు, 30 ఏళ్లు దాటినవారికి ఊళ్లోనే షుగర్ చూస్తున్నారు. చాలా మంచి పని. కానీ వేలు గుచ్చి చూసిన ఆ ఒక్క అంకెతోనే కొందరికి మాత్రలు మొదలవుతున్నాయి, కొందరు ‘మీకేం లేదు’ అనిపించుకుని పోతున్నారు. రెండూ తప్పే.

గ్లూకోమీటరు అనుమానం తీసుకురావడానికే గాని జబ్బు తేల్చడానికి కాదు. మంచి మీటరుకు కూడా 15 శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటారు. అంటే అసలు 126 ఉన్న మనిషికి 107 చూపించినా, 145 చూపించినా ఆ మీటరు చెడిపోయినట్టు కాదు. మామిడిపండు తిన్న చేతిని స్పిరిట్ దూదితో తుడిస్తే ఆ తీపి పూర్తిగా పోదు, అంకె ఎక్కువ చూపిస్తుంది. సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఎండలో పెడితే అవి పాడవుతాయి.

జబ్బు ఉందని తేల్చాలంటే నరం నుంచి తీసిన రక్తంలో చూడాలి. కనీసం 8 గంటలు ఏమీ తినకుండా పరగడుపున 126 లేదా ఆపైన, 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగిన 2 గంటలకు 200 లేదా ఆపైన, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా ఆపైన, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉండాలి. అతిదాహం, అతిమూత్రం, ఒళ్లు తగ్గిపోవడం లాంటి లక్షణాలేవీ లేకపోతే ఒకసారి వచ్చిన అంకెతో సరిపెట్టకుండా ఇంకోసారి చూసి రూఢి చేసుకోవాలి. రక్తహీనత ఉన్న ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఐరన్ లోపం వల్ల హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. డయాలసిస్ మీద ఉన్నవారికి, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవారికి తక్కువ చూపించవచ్చు. వీళ్లకు పరగడుపు రక్తమే నమ్మకం.

ఆ రక్తాన్ని కూడా సరిగా దాచాలి కదా. పొద్దున 7 గంటలకు పల్లెలో ఇంటి దగ్గర తీసిన ట్యూబును సంచిలో వేసుకుని, బస్సెక్కి, 11 గంటలకు టౌన్లో మిషను మీద పెడుతున్నారు. ట్యూబులో ఉన్న రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజును తింటూనే ఉంటాయి. మామూలు ఎర్రమూత ట్యూబులో గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గుతుంది, మన ఎండల్లో ఇంకా ఎక్కువ. 134 ఉన్నది నాలుగు గంటల్లో 105 దగ్గరికి దిగుతుంది. షుగర్ ఉన్న మనిషి లేదనిపించుకుని ఇంటికి పోతాడు! ఫ్లోరైడు వేసిన బూడిదరంగు మూత ట్యూబు వాడాలి. అయితే ఆ మందు పూర్తిగా పట్టడానికి గంటా రెండు గంటలు పడుతుంది గనుక, ఐసు డబ్బాలో పెట్టి వీలైనంత త్వరగా సెంట్రిఫ్యూజ్ మిషనులో గిర్రున తిప్పి కణాల నుంచి ప్లాస్మా (రక్తంలోని నీటి భాగం) వేరు చేయాలి.

ఇక లక్ష్యం. 45 ఏళ్ల మనిషికి హెచ్‌బీఏ1సీ 7 లోపు, పరగడుపున 80–130, తిన్నాక 180 లోపు అన్నది సబబే. అదే లెక్క 78 ఏళ్ల ఒంటరి అవ్వకు పెడితే ప్రాణం మీదికి వస్తుంది. కిడ్నీలు నీరసించి, చూపు తగ్గి, శనివారం ఒక్కపొద్దులు మానని మనిషి ఆమె. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ తగ్గించే మాత్ర వేసుకుని రాత్రి అన్నం మానేస్తే తెల్లవారుజామున షుగర్ 70 కిందికి పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు చూసి ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు. స్పృహ ఉంటే వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. చాక్లెట్టు, పాలు ఆలస్యంగా పనిచేస్తాయి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇలాంటి పెద్దలకు హెచ్‌బీఏ1సీ 8 దాకా ఉన్నా మేలే, ఆ మాట డాక్టరు నోటితో చెప్పి వదిలేయక కాగితం మీద పెట్టాలి.

జిల్లా వైద్యాధికారులకు మా మనవి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ బూడిదరంగు మూత ట్యూబులు ఎప్పుడూ నిల్వ ఉండేలా చూడండి. ప్రతి షుగర్ చీటీ మీద రోగి ఆఖరుసారి తిన్న టైము, రక్తం తీసిన టైము, మిషను మీద పెట్టిన టైము, రక్తం వేలిదా నరానిదా, ఈ రోగికి డాక్టరు పెట్టిన లక్ష్యం ఎంత అన్నవి రాయించండి. దీనికి కొత్త ఫారాలు కూడా అచ్చు వేయనక్కర్లేదు, ఐదు ఖాళీలున్న రబ్బరు స్టాంపు ఒకటి చేయిస్తే చాలు.

— ల్యాబ్ టెక్నీషియన్లు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా