ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: ఆ కోర్టు కేసు లెక్క మాకు చెప్పండి

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మాది అనంతపురం జిల్లా ఉరవకొండ ప్రాంతం. మేడ ఎక్కితే చుట్టూ గాలిమరలే. వాటి కరెంటు రేటు మీద నడిచిన గొడవ మీకు తెలియనిది కాదు. 2019 జూలై 1న అప్పటి ప్రభుత్వం జీవో 63 ఇచ్చి, విండ్, సోలార్ కరెంటు కొనుగోలు ఒప్పందాలను తిరగదోడి రేటు తగ్గించడానికి కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకెక్కాయి. సెప్టెంబరులో సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేస్తూనే, కరెంటు రేట్లు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) తేల్చేదాకా యూనిట్‌కు విండ్‌కైతే 2.43, సోలార్‌కైతే 2.44 రూపాయల చొప్పున ఇమ్మన్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ అదీ కుదరదంది. ఒప్పందంలో రాసుకున్న రేటే కట్టాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని చెప్పింది.

రేటు తగ్గించాలనుకోవడం తప్పు కాదు. పాత విండ్ ఒప్పందాల్లో యూనిట్ 4.84 దాకా ఉంది. కానీ ఆ రేటు ఖరారు చేసింది ఈఆర్‌సీయే, సంతకం పెట్టింది మనకు కరెంటు పంపిణీ చేసే డిస్కంలే. 25 ఏళ్లకు సంతకం పెట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క అది.

నాకు బాధ కేసు ఓడిపోయినందుకు కాదు. ఆపిపెట్టిన డబ్బు మీద ఆలస్య రుసుము ఎంతయింది? లాయర్లకు ఎంత ఇచ్చారు? చివరికి అది ఎవరి నెత్తిన పడింది? మాలాంటివాళ్లకు అర్థమయ్యేలా ఒక్క కాగితం లేదు. బిల్లు చూస్తే ఎనర్జీ ఛార్జీ కింద ట్రూ అప్, ఎఫ్‌పీపీసీఏ అని వరుసలుంటాయి, అంటే ఇంధనం, కరెంటు కొనుగోలు వంటి ఖర్చులు అంచనా దాటితే ఆ తేడాను తర్వాత రాబట్టే సర్దుబాటు ఛార్జీలు. ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు వసూలు. మా పక్క పోర్షన్‌లోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు, ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లు కాల్చిన కరెంటుకు కూడా డబ్బు కట్టారు. ఇదేం న్యాయమండీ?

2024 అక్టోబరులో మీ ప్రభుత్వం కొత్త క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. మళ్లీ పెద్ద పెద్ద ఒప్పందాలు వస్తాయి. అందుకే అడుగుతున్నాను. ఆ కేసు వల్ల అదనంగా కట్టింది ఎంతో, అందులో పైసా అయినా మా బిల్లుల్లో కలిసిందో లేదో తెలుగులో ప్రకటించండి. కలిసి ఉంటే వెనక్కివ్వండి. ఇకముందు ఏ ఒప్పందమైనా సంతకానికి ముందే జనం ముందు పెట్టించండి. ఆ విచారణ గాలిమరలున్న మా జిల్లాలో కూడా, సాగునీళ్ల పనులు లేని రోజుల్లో జరిగేలా చూడండి. రైతులు కూడా వస్తారు.

ఇట్లు,
ఒక గృహ విద్యుత్ వినియోగదారుడు,
అనంతపురం జిల్లా