కార్ల పేజీలో బండి బరువు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో కార్ల పేజీ వచ్చిన రోజు నేను మొదట తెరిచేది ఆ పేజీయే. ఇన్నేళ్లుగా చదువుతున్నాననే చనువుతో ఒక మాట అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. స్పోర్ట్స్ కారు గురించి రాసినప్పుడల్లా పవర్ ఎంత, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు, టాప్ స్పీడ్ ఎంత అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. లోపల స్క్రీన్ ఎన్ని అంగుళాలో కూడా వేస్తారు. బండి బరువు మాత్రం వేయరు. టైరు సైజు ఉండదు, బ్రేకుల ఊసైతే అసలే ఉండదు. ఎందుకండీ?

ఇంత చిన్న సంగతికి ఉత్తరమా అనిపించొచ్చు. పవర్ అంకె ఒక్కటే చూసి రెండేళ్లు పాడుచేసుకున్నవాణ్ణి కాబట్టి రాస్తున్నా. నాది పాత చిన్న కారు. మూడు డోర్లు, 1.6 లీటర్ల ఇంజిన్, 110 హార్స్‌పవర్, బరువు ఇంచుమించు వెయ్యి కిలోలు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వారమంతా ఆఫీసుకి అదే, వీలు చిక్కిన ఆదివారం రేసింగ్‌కీ అదే. రేసింగ్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. మాలాంటి వాళ్ల పోటీ గడియారంతోనే. ఖాళీ మైదానంలో రబ్బరు కోన్లు పెట్టి ఒక్కో బండినీ విడిగా వదిలి టైము చూస్తారు, అప్పుడప్పుడు నిజం ట్రాక్ మీద ఓ ఇరవై నిమిషాలు తిప్పుకోనిస్తారు. కప్పులు ఎవరికి వస్తాయో గానీ నాకైతే ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

కొన్న నెలలోనే నేను చేసిన మొదటి పని సైలెన్సర్ మార్పించడం. రెండోది కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ డబ్బా పీకేసి బయటికి కనిపించే గుండ్రటి ఎయిర్ ఫిల్టర్ పెట్టించడం. బండి స్టార్ట్ చేస్తే వీధి చివర కుక్కలు లేచేవి. అబ్బ, ఏం పికప్పు అనుకునేవాణ్ణి. తీరా కోన్ల దగ్గరికెళ్తే టైము ఒక్క సెకను కూడా తగ్గలేదు, బాగా ఎండగా ఉన్న రోజుల్లో పెరిగింది కూడా. తర్వాత తెలిసింది, ఆ ఫిల్టర్ బానెట్ కింద ఇంజిన్ పక్కనే కూర్చుని అక్కడి వేడి గాలినే పీలుస్తోందట. వేడెక్కిన గాలి పలచబడుతుంది, అదే చోటులో ఆక్సిజన్ తక్కువ పడుతుంది, ఇంజిన్‌కి ఊపు తగ్గుతుంది. కంపెనీ డబ్బా చూడ్డానికి అసహ్యంగా ఉన్నా బయటి చల్లగాలిని గొట్టంతో తెచ్చేది. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టే అనిపిస్తుంది, అదే ఇందులో ఉన్న మోసం.

మాతో పాటు వచ్చే ఒక పెద్దాయన ఉన్నారు. ఎప్పుడో కుర్రతనం నుంచీ ఇదే పిచ్చి. ఒకరోజు తాళం చేతికిచ్చి, "మీరోసారి నడిపి చూడండి సార్, బండిలో ఏదో తేడా ఉంది" అన్నాను. మూడు ల్యాపులు, అంటే మూడు చుట్లు తిప్పి, నా బెస్ట్ టైము కంటే నాలుగు సెకన్లు తక్కువలో ముగించి, నింపాదిగా దిగారు. చెమట కూడా పట్టలేదు. "బండి బాగానే ఉంది బాబూ. నువ్వు బ్రేకు ఆలస్యంగా కొడుతున్నావు, కొట్టిన బ్రేకు మలుపులోకి వెళ్లాక కూడా అలాగే తొక్కిపెట్టి స్టీరింగ్ తిప్పేస్తున్నావు. ఆ ముందు టైర్లు పాపం బండిని ఆపాలా, తిప్పాలా?" అన్నారు.

ఆ ఒక్క ప్రశ్నతో నాకు సగం అర్థమైంది. టైరు నేలకి ఆనేది ఒక్కోటీ అరచేతి మేర. దానికున్న పట్టు ఇంతే, బ్రేకుకి ఎక్కువ వాడితే మలుపుకి తక్కువ మిగులుతుంది. అందుకని మలుపుకి ముందు తిన్నటి దారిలోనే బ్రేకు పని దాదాపు ముగించుకోవాలి, స్టీరింగ్ తిప్పేకొద్దీ బ్రేకు మీద కాలు మెల్లగా వదలాలి. ఇంకోటి, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు ఠక్కున తీసేయకూడదు. తీస్తే బండి బరువు ముందుకు పడుతుంది, వెనక టైర్లు తేలికవుతాయి, తోక తిరిగి ముందుకొస్తుంది. నాకు రెండుసార్లు అయింది. కోన్ల మైదానం కాబట్టి రెండు కోన్లు పోయాయి, అంతే. అందుకే కొత్తవాళ్లని ముందు అక్కడికే వెళ్లమంటాను. రెండో గేరు దాటని వేగంలో బండి ఏ క్షణంలో పట్టు వదులుతుందో ఒంటికి తెలిసొస్తుంది.

ఇప్పుడు బరువు దగ్గరికి వస్తా. నా 110 హార్స్‌పవర్ వెయ్యి కిలోల బండిలోంచి వంద కిలోలు తీసేస్తే టన్నుకి 122 హార్స్‌పవర్ లెక్క వస్తుంది. ఇంజిన్‌కి పన్నెండు హార్స్‌పవర్ కలిపితే కూడా అదే లెక్క. కానీ ఇంజిన్‌లో పెంచిన పన్నెండూ తిన్నటి దారిలోనే పనిచేస్తాయి, తీసిన వంద కిలోలు మాత్రం పికప్పులో, మలుపులో, బ్రేకులో, టైరు అరుగుదలలో అన్నిచోట్లా కలిసొస్తాయి. ట్రాక్‌కి వెళ్లిన రోజు నేను స్టెప్నీ, జాకీ, వెనక సీటు, డిక్కీలో పేరుకున్న సామాను దింపేస్తా. దగ్గరదగ్గర యాభై కిలోలు, పైసా ఖర్చు లేదు. ఇంకో పది కిలోలు స్టీరింగ్ వెనక కూర్చున్నవాడి పొట్టలో ఉన్నాయని మా ఆవిడ అంటుంది. దాని సంగతి చూస్తున్నాం.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. 1989లో వచ్చిన మజ్దా ఎంఎక్స్-5 చూడండి, 1.6 లీటర్ల ఇంజిన్, 115 హార్స్‌పవర్ దాకా, బరువు వెయ్యి కిలోల లోపే. అంకెలు చూస్తే ఏముంది అనిపిస్తుంది. 2016 నాటికి పది లక్షల బళ్లు తయారయ్యాయి, సరదా రేసర్లకి ఇప్పటికీ ఇష్టమైన బండి అదే. 1996 నాటి లోటస్ ఎలీస్‌ది 118 హార్స్‌పవర్, బరువు 725 కిలోల చుట్టుపక్కల. ఇంకా వెనక్కి వెళ్తే 1964లో మోంటే కార్లో ర్యాలీ గెలిచింది 1071 సీసీ మినీ కూపర్ ఎస్, నడిపింది ప్యాడీ హాప్‌కిర్క్. రెండో స్థానం వీ8 ఇంజిన్ ఉన్న ఫోర్డ్ ఫాల్కన్‌ది, అది 4.7 లీటర్లు! చిన్న ఇంజిన్లకి హ్యాండిక్యాప్ లెక్క, అంటే చిన్న బళ్లకి ఇచ్చే వెసులుబాటు, కలిసొచ్చిందంటారు, నిజమే. అయినా నాలుగోవంతు ఇంజిన్ కూడా లేని బండి ఆ పక్కన నిలబడిందంటేనే చూడండి.

బ్రేకుల గురించి మాత్రం కొంచెం ఎక్కువ రాస్తా, కోత పెట్టకుండా వేయమని మనవి. వెయ్యి కిలోల బండి 120 కిలోమీటర్ల వేగంలో పోతుంటే దాన్ని పూర్తిగా ఆపడానికి పుట్టే వేడితో లీటరున్నర పైచిలుకు నీళ్లు మరుగుతాయి. అదే పదిహేను వందల కిలోల బండైతే రెండున్నర లీటర్లు. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. రోడ్డు మీద అంత బ్రేకు ఎప్పుడో ఒకసారి కొడతాం, ట్రాక్ మీద ల్యాపుకి నాలుగైదుసార్లు గట్టిగా తొక్కుతాం, మధ్యలో డిస్కులు, అంటే చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లాలు, చల్లారే సందు ఉండదు.

నేను మొదటిసారి నిజం ట్రాక్‌కి వెళ్లినప్పుడు నాలుగో ల్యాపులో ఆ పొడుగాటి తిన్నటి దారి చివర బ్రేకు తొక్కితే పెడల్ స్పాంజిలా మెత్తగా కిందకి పోయింది, పోయి ఫ్లోరుకి ఆనింది. గుండె జారిపోయింది. రెండోసారి తొక్కా, మూడోసారి తొక్కా, గబగబా పంపు కొట్టినట్టు కొడితే కాస్త పట్టింది, గేర్లు దింపుకుంటూ బయట ఉన్న గడ్డిలోకి పోయి ఆగాను. కారణం బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా పోసినప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. నా బండిలో ఉన్నది ఏనాడు పోశారో తెలియని ఆయిల్, రంగు చూస్తే టీ డికాక్షన్. లోపల మరిగి ఆవిరి బుడగలు కట్టింది, నేను తొక్కింది ఆ బుడగల్నే. దీనికో గుర్తు ఉంది. పెడల్ మెత్తబడి కిందకి పోతే తప్పు ఆయిల్‌ది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి మాత్రం ఆగకపోతే డిస్కుల్ని నొక్కి పట్టే ప్యాడ్లు వేడికి పట్టు వదిలేశాయి. మొదటిదానికి కొత్త ఆయిల్ పోసి లైన్లలో గాలి తీయించాలి, రెండోదానికి ఎక్కువ వేడి తట్టుకునే ప్యాడ్లు వేయించాలి. ఈ రెండూ కలిపినా నా సైలెన్సర్ ఖర్చులో మూడోవంతు కాలేదు.

ఆఖరి ల్యాపు ఎప్పుడూ బ్రేకు ముట్టకుండా మెల్లగా తిప్పి డిస్కుల్ని చల్లార్చుకోవాలి. ఆపాక హ్యాండ్ బ్రేకు లాగకండి, కాలుతున్న ప్యాడ్ డిస్కుకి అలాగే నొక్కుకుని ఉండిపోతే ఆ చోట మచ్చ పడుతుంది, మర్నాటి నుంచి బ్రేకు కొడితే బండి వణుకుతుంది. గేర్లో పెట్టి చక్రం కింద రాయి పెడితే సరిపోతుంది. వీల్ నట్లు కూడా చల్లారాక ఓసారి చూసుకోవాలి.

టైర్లకి నాకు పెద్దాయన నేర్పిన చిట్కా సుద్దముక్క. టైరు పైభాగం అంచు నుంచి పక్క గోడ మీదికి సుద్దతో ఓ గీత గీయాలి, నాలుగు టైర్లకీ. రెండు ల్యాపులు తిప్పి వచ్చి వంగి చూస్తే గీత ఎంతవరకు చెరిగిందో తెలుస్తుంది. చాలా టైర్ల భుజం మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. గీత ఆ గుర్తు దాటి గోడ మీద కూడా చెరిగిపోయిందంటే మలుపులో టైరు పక్కకి పొర్లిపోతోంది, గాలి తక్కువైంది. గుర్తు దాకా కూడా చెరగలేదంటే గాలి ఎక్కువైంది. చల్లగా ఉన్నప్పుడు 30 పీఎస్ఐ పెట్టుకెళ్తే నాలుగు ల్యాపులకి 35, 36 దాకా ఎక్కుతుంది కాబట్టి ట్రాక్ మీంచి రాగానే కొలవాలి. వేడి మీద గాలి తీసి సరిచేసుకున్నవాళ్లు ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపడం మరిచిపోకండి. ఆ సుద్దముక్కే నాకు సెకనున్నర ఇచ్చింది.

సస్పెన్షన్‌లో నేను చేయించింది తక్కువే. ముందు చక్రాలు పైకొసన డిగ్రీన్నర లోపలికి వాలేలా అలైన్‌మెంట్ చేయించా, టైరు బయటి అంచు ఒక్కటే అరిగిపోవడం ఆగింది. బండిని కిందకి దించే స్ప్రింగులు చూడ్డానికి బాగుంటాయి గానీ షాక్ అబ్జార్బర్లు మార్చకుండా అవి ఒక్కటే వేయిస్తే చిన్న గతుక్కే సస్పెన్షన్ చివరికంటా నొక్కుకుపోయి బండి ఎగిరెగిరి పడుతుంది. మా వాడొకడు చేయించుకుని, మూడు నెలలకి పాతవే మళ్లీ వేయించుకున్నాడు.

సీటు బెల్టు మాట కూడా చెప్పేస్తా. ఫొటోల్లో చూసి నాలుగు పట్టీల బెల్టులు మామూలు సీటుకి కట్టేసుకుంటున్నారు. బండి పల్టీ కొట్టి పైకప్పు కిందకి నలిగితే మామూలు బెల్టులో ఒళ్లు పక్కకి ఒరగడానికి కాస్త వీలుంటుంది, ఆ పట్టీల్లో నిటారుగా ఇరుక్కుపోతాం. లోపల రోల్ బార్, అంటే పైకప్పు నలగకుండా కాసే ఉక్కు కమ్మీ, దానికి తగ్గ సీటు లేనప్పుడు కంపెనీ బెల్టే మేలు. హెల్మెట్ సరేసరి.

ఇదంతా చేశాక నా టైము ఎంత తగ్గిందంటే మొత్తం ఏడు సెకన్లు. ఇంజిన్‌ని ముట్టుకోలేదు, ఆయిల్ మాత్రం ఎప్పుడూ పై గీత దాకా ఉంచుతున్నా, పొడుగాటి మలుపుల్లో ఆయిలంతా ఓ పక్కకి పోయి పంపుకి అందకపోతే ఇంజిన్ సీజ్ అవుతుంది కదా. ఇదే బండిని ఇప్పుడు పెద్దాయన తిప్పితే వచ్చే టైముకి ఇంకా అర సెకను వెనకే ఉన్నా. ఆయనకి చెప్తే "ఆ అర సెకను షాపులో దొరకదులే" అని నవ్వుతారు. దొరికితే కొనేసేవాణ్ణే, అబద్ధమెందుకు.

అందుకే అడుగుతున్నా. మీ పేజీ చదివి మొదటి కారు కొనుక్కునే కుర్రాళ్లు బోలెడంత మంది. 110 హార్స్‌పవరా, ఇదేం స్పోర్ట్స్ కారు అని పక్కన పడేసి, పదిహేను వందల కిలోల బండికి అప్పు చేసి, బ్రేకులు కాలబెట్టుకుని నా దగ్గరికి వచ్చిన వాళ్లు ఇద్దరున్నారు. బరువు అంకె కంపెనీ కాగితాల్లోనే ఉంటుంది, పెద్ద పరిశోధన కూడా అక్కర్లేదు. వచ్చే వారం వేయబోయే కారుకి పవర్ పక్కన ఆ ఒక్క అంకె వేయండి. టైరు సైజు, బ్రేకుల సంగతి తర్వాత ఇంకో ఉత్తరంలో అడుగుతా.

ఇట్లు,
మీ కార్ల పేజీ పాఠకుడు